సైన్యం వచ్చిన దారికి ఎదురుగా

మీర్‌పేట నుంచి సూర్యాపేట పోవాలంటే నందనవనం, కర్మన్‌ఘాట్ మీదుగా సాగర్ రింగు రోడ్డు చేరుకుని, ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ రోడ్డెక్కాలి. తెల్లారకముందే ఆ చౌరస్తా మేలుకుని ఉంటుంది. మెట్రో స్టేషన్ కింద నల్లగొండ, సూర్యాపేట బస్సుల కోసం నిలబడ్డవాళ్లు ఒక పక్క. రాత్రి బస్సుల్లో విజయవాడ నుంచి, గుంటూరు నుంచి వచ్చి దిగి, ఆటో బేరమాడుతున్నవాళ్లు మరో పక్క. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, వనస్థలిపురం, మా మీర్‌పేట, నగరానికి ఈ తూర్పు వైపంతా ఆ రోడ్డు తెచ్చి నింపిన జనమే. మా వీధిలో ఒకింట్లో తుంగతుర్తి మాట వినిపిస్తే పక్కింట్లో తెనాలి మాట వినిపిస్తుంది.

సెప్టెంబర్ నెల. వినాయకుడి మండపాల పక్కనే 17వ తేదీ ఫ్లెక్సీలు కూడా వెలిశాయి. ఆ రోజును కేంద్ర ప్రభుత్వం విమోచన దినం అంటుంది. రాష్ట్రంలో 2022లో ఉన్న ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అన్నది, తర్వాత వచ్చినది ప్రజాపాలన దినోత్సవం అన్నది. ఎర్రజెండాల వాళ్లు సాయుధ పోరాట వారోత్సవాలు జరుపుతారు. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన సంగతి మీద ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఒక మాట మీదికి రాలేకపోతున్నామంటే ఆ పని ఎక్కడో సగంలో ఆగి ఉండాలి. ఎక్కడ ఆగిందో రోడ్డు మీద వెతుక్కుందామనిపించింది. సైన్యం అప్పుడు ప్రధానంగా రెండు దారుల్లో వచ్చింది. పెద్ద దళం షోలాపూర్ వైపు నుంచి, రెండోది బెజవాడ వైపు నుంచి. ఆ రెండో దళం నడిచిన దారి ఇదే.

పెళ్లిళ్లకనీ చావులకనీ ఈ రోడ్డు మీద తిరుగుతూనే ఉంటాను. ఈసారి దారి కోసమే బయల్దేరాను. మా అన్న కొడుక్కి కోదాడలో పని ఉంది. వాడి కారులో ముందు సీట్లో కూర్చున్నాను.

ఊరు దాటకముందే చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. మీర్‌పేట, బాలాపూర్, సరూర్‌నగర్... నగరాన్ని చుట్టుకుని ఉన్న ఇటువంటి ఊళ్లను నిజాం కాలంలో అత్రాఫ్-ఎ-బల్దా అనేవారు. అది సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఆస్తి. రైతు కట్టిన శిస్తు సర్కారు ఖజానాకు కాకుండా నేరుగా నిజాం ఇంటికి చేరేది. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్‌ను ప్రభుత్వంలో కలిపారు, అదే ఏడు జాగీర్లనూ రద్దు చేశారు. ఆ తర్వాత ఊరూరా ఏ చేను ఎవరిదో, ఎవరి కబ్జాలో ఉందో కొత్తగా రాసుకున్నారు. ఇవాళ మా దగ్గర రెండు వందల గజాల ప్లాటు కొనాలన్నా వకీలు మొదట అడిగేది 1954-55 ఖాస్రా పహాణీ. పట్టాదారు పేరు ఒక గడిలో, కబ్జాదారు పేరు మరో గడిలో, ఎకరాలూ గుంటలూ ఇంకో గడిలో ఉంటాయి. రెండు గడుల్లో ఒకే పేరుంటే వకీలు ఊపిరి పీల్చుకుంటాడు. వేర్వేరు పేర్లున్నాయంటే కోర్టు కేసు ఉన్నట్టే. రాజ్యం చేతులు మారినప్పుడు నేల మీద ఏం మారిందో, ఏం మారలేదో ఆ కాగితం చెప్పినంత సూటిగా చరిత్ర పుస్తకం చెప్పదు.

హయత్‌నగర్ దాటాక మావాడు అడిగాడు. "చిన్నాన్నా, ఇంతకీ మనవాళ్లు మన మీదికే యుద్ధానికి ఎందుకొచ్చినట్టు?"

వాడికి చెప్పింది ఇక్కడ క్లుప్తంగా. 1947 ఆగస్టు 15 నాటికి హైదరాబాద్ అటు భారతదేశంలోనూ చేరలేదు, ఇటు పాకిస్తాన్‌లోనూ చేరలేదు. స్వతంత్రంగా ఉంటానన్నాడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఆ నవంబర్ 29న ఏడాది గడువుతో యథాతథ ఒప్పందం కుదిరింది. కానీ పల్లెల్లో అంతకు ఏడాది ముందే అంతర్యుద్ధం మొదలైపోయింది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు దొడ్డి కొమరయ్యను కాల్చి చంపారు. వెట్టి చేయం, భూమి వదలం అని సంఘాలు లేచాయి. 1947 సెప్టెంబర్ 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ఆయుధాలు పట్టమని పిలుపిచ్చారు. మరో పక్క కాశిం రజ్వీ నాయకత్వంలో నిజాం వైపు నిలిచిన రజాకార్లు ఊళ్ల మీద పడి తగలబెట్టారు, దోచారు, చంపారు. కాంగ్రెస్ వాళ్లు సరిహద్దు అవతల శిబిరాలు పెట్టుకుని దాడులు చేశారు. ఒకే ఊరి మనుషులు దేశ్‌ముఖ్ గడి వైపొకరు, సంఘం వైపొకరు, రజాకార్ల వైపొకరుగా చీలిపోయారు. 1948 సెప్టెంబర్ 13న సైన్యం కదిలేనాటికి ఇదీ పరిస్థితి.

ఢిల్లీ దాన్ని యుద్ధం అనలేదు, పోలీసు చర్య అన్నది. పరాయి దేశం మీదికి పోతేనే యుద్ధం, ఇది ఇంటి లోపలి వ్యవహారం అన్నది దాని వాదన. హైదరాబాద్ ప్రభుత్వం ఆగస్టులోనే భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. పారిస్‌లో అది చర్చకు వచ్చేసరికి సెప్టెంబర్ 16. మర్నాడు సాయంత్రం నిజాం రేడియోలో లొంగిపోతున్నట్టు ప్రకటించాడు. 18న హైదరాబాద్ సేనాని ఎల్ ఎడ్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి ఎదుట లొంగిపోయాడు, ఆ చౌదరే మిలిటరీ గవర్నర్ అయ్యాడు.

అమెరికాలో లింకన్‌ది కూడా ఇదే వాదన. 1861లో తిరగబడిన 11 దక్షిణాది రాష్ట్రాలు విడిపోయామని ఎంత చెప్పుకున్నా, విడిపోయే హక్కే లేదు కాబట్టి అవి దేశంలోనే ఉన్నాయన్నాడు. 1869లో వాళ్ల సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. అయినా ఆ రాష్ట్రాలను మళ్లీ పార్లమెంటులో కూర్చోబెట్టడానికి 1866లో టెనెసీతో మొదలుపెడితే 1870లో జార్జియాతో గానీ పూర్తి కాలేదు. మధ్యలో పది రాష్ట్రాలు అయిదు సైనిక మండలాల కింద నడిచాయి. హైదరాబాద్ సంగతి వేరు, అది అంతకుముందు భారత యూనియన్‌లో లేదు. కానీ తెలుగు, మరాఠీ, కన్నడ పల్లెల్లో ఉన్నవాళ్లకు పొలిమేర అవతల వియ్యంకులున్నారు, మేనమామలున్నారు. వాళ్లకది కొత్తగా చేరడం కాదు, మళ్లీ కలవడమే.

చౌటుప్పల్ చేరకముందే ఎడమ చేతి దారి పట్టి పోచంపల్లి వెళ్లాం. సైన్యం పోయిన దారి కాదిది. కానీ సైన్యం పోయాక రెండేళ్ల ఏడు నెలలకు ఇక్కడ జరిగింది చూడకుండా నా లెక్క తేలదు. 1951 ఏప్రిల్‌లో హైదరాబాద్ దగ్గర శివరాంపల్లిలో సర్వోదయ సమావేశం జరిగింది. అక్కడి నుంచి వినోబా భావే నల్లగొండ పల్లెల వైపు నడిచి వచ్చాడు. అప్పటికి ఈ జిల్లాలో పగలు పోలీసు క్యాంపులు, రాత్రి కమ్యూనిస్టు దళాలు. ఏప్రిల్ 18న పోచంపల్లి హరిజనులు నలభై కుటుంబాలకు ఎనభై ఎకరాలు ఇప్పించమని ఆయన్ను అడిగారు. గుమిగూడినవాళ్లలోంచి వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలిస్తానన్నాడు. భూదానోద్యమం పుట్టింది ఆ రోజే. ఊరి పేరు ముందు భూదాన్ చేరింది.

ఊళ్లో ఇంటింటా మగ్గమే. ఒక వసారాలో పెద్దాయన పట్టు దారాల మీద చిటికీ కడుతున్నాడు. రంగు తగలకూడని చోట రబ్బరు పట్టీ చుట్టి, బిగించి, కొస తెంపడం. ఆ వేళ్లు కళ్లతో పని లేకుండా కదులుతున్నాయి. వినోబా వచ్చిన సంగతి ఇంట్లో ఎవరైనా చెప్పేవారా తాతా అని అడిగాను.

"మా నాయిన చెప్పేటోడు బిడ్డా. ఆయన సభకు పోయిండట. మాకు భూమి రాలే. మాది మగ్గం గదా, మాకు భూమేడిది? భూమి అడిగింది గాళ్లు, ఇచ్చింది దొర. మేం చూసినం."

చేతిపని ఆపకుండానే చెప్పాడు. వినోబా మీద నాకు గౌరవం ఉంది. అయినా ఒకరి మంచితనం మీద ఆధారపడి భూమి పంచడం ఎంతదూరం పోతుందో ఆ తర్వాతి దశాబ్దాలు చూపించాయి. దానమని చూపిన నేలలో సేద్యానికి పనికిరానిది ఎంతో ఉంది, పత్రం చేతికొచ్చినా నేల చేతికి రానివాళ్లు ఎందరో ఉన్నారు. అంతకంటే గట్టిగా నిలిచింది 1950లో వచ్చిన హైదరాబాద్ కౌలుదారీ చట్టం. దాని 38-ఈ సెక్షన్ కింద రక్షిత కౌలుదారుకు యాజమాన్య పత్రం ఇచ్చారు. రంగారెడ్డి, నల్లగొండ జిల్లాల్లో తహసీల్ ఆఫీసు మెట్లెక్కిన ప్రతివాడికీ 'ముప్పై ఎనిమిది ఈ' అన్న మాట తెలుసు. ఆ పత్రం పట్టుకుని ఇంకా కోర్టుల చుట్టూ తిరుగుతున్న మనవళ్లున్నారు.

మళ్లీ హైవే మీదికొచ్చి గుండ్రాంపల్లి దగ్గర ఆగాం. రోడ్డు పక్క ఊరు. రజాకార్లు ఇక్కడి మనుషులను పట్టి చంపి బావిలో వేశారు. చనిపోయినవారి కోసం స్తూపం కట్టారు. సెప్టెంబర్ కాబట్టి కొత్త సున్నం వేసి ఉంది. ఇక్కడ నిలబడి తల వంచడానికి ఏ పార్టీ వాడూ కానవసరం లేదు. ఆ ఇళ్లలో మిగిలినవాళ్లకు సైన్యం రాక అంటే ప్రాణం లేచి రావడమే, అందులో సందేహం లేదు. 17వ తేదీకి బెజవాడ వైపు నుంచి వచ్చిన దళం ముందుభాగం ఇక్కడికి దగ్గర్లోనే, చిట్యాలలో ఉంది.

చిట్యాలలో టీ తాగుతూ మావాడితో ఇంకో మాట కూడా చెప్పాను. స్తూపం లేని చావుల గురించి. పోలీసు చర్య జరిగిన రోజుల్లోనూ, ఆ తర్వాతి వారాల్లోనూ సంస్థానమంతటా ముస్లింల మీద ప్రతీకార దాడులు జరిగాయి. రజాకారు ఎవరో, దర్జీ ఎవరో, దూదేకుల సాయిబు ఎవరో చూడలేదు. నెహ్రూ పంపిన కమిటీ, పండిట్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ, నవంబర్ డిసెంబర్ నెలల్లో తిరిగి చూసింది. తక్కువలో తక్కువ లెక్కేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాసింది. అందరికంటే దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. తర్వాతి వరసలో పేర్కొన్న జిల్లాల్లో నల్లగొండ కూడా ఉంది. కొన్నిచోట్ల ముస్లింలను కాపాడింది హిందూ ఇరుగుపొరుగేనని, కొన్నిచోట్ల సైనికులూ పోలీసులూ కూడా దోపిడీలో పాల్గొన్నారని ఆ నివేదికే చెప్పింది. దాన్ని ప్రభుత్వం ప్రచురించలేదు. ఢిల్లీలో నెహ్రూ స్మారక గ్రంథాలయంలో జనం చూడగలిగేలా బయటికొచ్చేసరికి 2013.

"మరి మా పుస్తకంలో లేదే?" అన్నాడు వాడు.

లేదు. ఉండాలి. గుండ్రాంపల్లి బావి ఉన్న పుటలోనే ఉండాలి. ఒక చావు చెబితే ఇంకో చావు బరువు తగ్గుతుందని భయపడేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. అలా ఎందుకు తగ్గుతుందో నాకు అర్థం కాదు. ఒకే కాలంలో, ఒకే రాజ్యంలో, ఒకే పాలన కూలుతున్నప్పుడు పోయిన ప్రాణాలవి. కలిసిపోయాం అనుకుంటున్న దేశంలో ఒక ఇంటివాళ్ల దుఃఖానికి ఏటా సభ, పక్కింటివాళ్ల దుఃఖానికి అరవై ఏళ్లు బీరువా తాళం. పని సగంలో ఆగిన చోట్లలో ఇదొకటి.

నార్కట్‌పల్లి, నకిరేకల్ తొందరగానే గడిచిపోయాయి. నార్కట్‌పల్లి దగ్గర సైన్యం ఒక రజాకారు దళాన్ని తుడిచిపెట్టిందంటారు. ఇప్పుడక్కడ హోటళ్ల బారులు, దారి చీలే చోట నల్లగొండ బోర్డు. ఆ బోర్డు చూడగానే నాకు గుర్తొచ్చేది 1952 ఎన్నికలు. అప్పటికి నిజాం రాజ్‌ప్రముఖ్, అంటే గవర్నర్ లాంటి పదవిలో ఉన్నాడు. 1950 జనవరి 26 నుంచి పైనుంచి వేసిన ముఖ్యమంత్రి వెల్లోడి. 1951 అక్టోబర్ 21న కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటం విరమించింది. మరికొన్ని వారాలకే ఎన్నికలొచ్చాయి. హైదరాబాద్‌లో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది కాబట్టి వాళ్లు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో నిలబడ్డారు. అడవిలోంచి, జైల్లోంచి వచ్చినవాళ్లు ఓటడిగారు. నల్లగొండ పార్లమెంటు స్థానంలో రావి నారాయణరెడ్డికి 3 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి, నెహ్రూకు వచ్చినవాటికంటే ఎక్కువ. ఆలేరు నుంచి, తుపాకి పట్టిన ఆరుట్ల కమలాదేవి అసెంబ్లీకి వెళ్లింది. 175 స్థానాల్లో కాంగ్రెస్‌కు 93, పీడీఎఫ్‌కు 42. మార్చిలో బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యాడు.

తిరుగుబాటు చేసిన జిల్లా నిన్నటి శత్రువుకే ఓటేసి ఢిల్లీకి పంపింది, ఢిల్లీ ఆ మనిషిని సభలో కూర్చోనిచ్చింది. నా మటుకు నాకు హైదరాబాద్ ఈ దేశంలో కలిసింది ఆ రోజే.

నకిరేకల్ దాటి టేకుమట్ల దగ్గర మూసీ వంతెన. కారు పక్కకు ఆపించి దిగాను. నాగోలు దగ్గర మేం ముక్కు మూసుకుని దాటే నీళ్లే ఇక్కడికొస్తాయి. ఎగువన సోలిపేట ఆనకట్ట దగ్గర కాస్త నిలిచి, తేరుకుని, మళ్లీ సాగుతాయి. వంతెన కింద రాళ్ల మధ్య నాచు, ఒడ్డున జమ్ము, దూరంగా మోకాటిలోతు నీళ్లలో వల విసురుతున్న ఇద్దరు. లారీ పోయినప్పుడల్లా కాలికింద కాంక్రీటు అదురుతోంది. 1948లో విమానాలతో బాంబులు వేశాక సూర్యాపేట గూర్ఖా దళం చేతికి చిక్కింది. వెనక్కి తగ్గుతున్న హైదరాబాద్ సైనికులు మూసీ మీది వంతెన పేల్చేశారు. పేల్చారు గానీ దాన్ని కాపు కాయడానికి తుపాకులేవీ ఉంచలేదు. అవతలివాళ్లు నింపాదిగా బాగుచేసుకుని దాటారు. ఆ సైన్యంలో పోరాడే మనసు ఎంత మిగిలి ఉందో ఆ కాపలా లేని వంతెనే చెబుతుంది.

సూర్యాపేటలో ఎర్రజెండా దిమ్మెలు లేని వీధి తక్కువ. చుట్టుపక్కల ఊళ్లు ఉద్యమానికి పెట్టింది పేరు. ఈ తాలూకా కరివిరాల కొత్తగూడెం నుంచే భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం వచ్చారు. సుమారు మూడు వేల గ్రామాల్లో సంఘాలు పది లక్షల ఎకరాలు పంచాయని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. సైన్యం వచ్చినప్పుడు రజాకార్ల పీడ విరగడైందని ఊళ్లు పండగ చేసుకున్నాయి. ఆ పండగ కొద్ది రోజులే. అదే సైన్యం వెంట, నగరానికి పారిపోయిన దేశ్‌ముఖులు గడులకు తిరిగొచ్చారు. పంచిన చేలు లాక్కున్నారు. చౌదరి ప్రభుత్వం తుపాకులను సంఘాల మీదికి తిప్పింది. రజాకార్లతో పోరాడిన కుర్రాళ్లనే మిలిటరీ క్యాంపుల్లో కట్టేసి కొట్టారు. మరో మూడేళ్లు సాగిన ఆ రెండో యుద్ధంతో కలిపి మొత్తం పోరాటంలో నాలుగు వేల మంది చనిపోయారని సుందరయ్య లెక్క.

ఈ దేశం, ఆ దేశం అని లేదు, అంతర్యుద్ధం ముగిశాక అసలు ప్రశ్న ఇక్కడికే వస్తుంది. 1865 జనవరిలో అమెరికా సేనాని షెర్మన్ సముద్ర తీరాన స్వాధీనమైన నేలను బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్లకు కుటుంబానికి నలభై ఎకరాల చొప్పున కేటాయించాడు. వాళ్లు దున్నుకున్నారు, విత్తుకున్నారు. ఏడాది తిరక్కముందే ప్రెసిడెంట్ ఆండ్రూ జాన్సన్ ఆ నేలను పాత తెల్ల భూస్వాములకు తిప్పి ఇచ్చేశాడు. విడిపోయిన రాష్ట్రాలతో సంధి కావాలంటే అక్కడి పెద్దలను సముదాయించాలన్నది ఆయన లెక్క. కట్టు బానిసలు పాలేర్లయ్యారు, అంతే. సూర్యాపేట తాలూకాలో 1948 శీతాకాలంలో జరిగింది కూడా అటువంటిదే. రాజ్యాలు రాజీ పడేటప్పుడు ఆ రాజీ ఖర్చు దున్నేవాడి ఖాతాలో రాస్తారు. నిజాంకు ఏడాదికి 50 లక్షల రాజభరణం, రాజ్‌ప్రముఖ్ హోదా దక్కాయి. సంఘం ఇచ్చిన రెండెకరాలు పోగొట్టుకున్న గొల్లవాడికీ, మాదిగవాడికీ ఏం దక్కిందో అడగడానికి 1952 దాకా ఆగాల్సి వచ్చింది.

ఒక్క తేడా మాత్రం మనవైపు ఉంది, అది చిన్నది కాదు. అమెరికా 1870కల్లా నల్లవాళ్లలో మగవాళ్లకు ఓటిచ్చింది. 1877లో సైన్యం దక్షిణాది నుంచి తప్పుకోగానే ఆ ఓటు మెల్లమెల్లగా గుంజుకున్నారు. మళ్లీ గట్టిగా చేతికొచ్చింది 1965లో. ఇక్కడ 1952లో వచ్చిన ఓటు మళ్లీ పోలేదు. కౌలుదారీ చట్టం గానీ, తర్వాతి భూపరిమితి గానీ, ఏ కొంచెం కదిలినా ఆ ఓటు నెట్టబట్టే కదిలింది.

సూర్యాపేట తర్వాత మునగాల. ఇక్కడ రోడ్డు పక్కన ఏ బోర్డూ చెప్పని వింత ఒకటుంది. 1948లో మునగాల చుట్టూ నిజాం రాజ్యం, మునగాల పరగణా మాత్రం కృష్ణా జిల్లాలో భాగం. నడి నిజాంలో బ్రిటిష్ ముక్క. 1947 ఆగస్టు 15 తర్వాత నడి నిజాంలో స్వతంత్ర భారతం. ఈ పరగణా జమీందారు నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గ్రంథాలయం లేవడం వెనక ఆ ఇద్దరూ ఉన్నారు. అదే జమీందారు మీద 1930లలో ఆయన రైతులే పోరాడారు. దీనికి సరిగ్గా అద్దంలో బొమ్మలా అవతల కృష్ణా జిల్లాలో పరిటాల ఉంది. సర్కారు జిల్లాలు ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నప్పుడు వజ్రాల గనులున్న ఆ ఊళ్లను మాత్రం నిజాం తన దగ్గరే ఉంచుకున్నాడు. స్వాతంత్ర్యం వచ్చాక తమ చుట్టూ జెండాలెగురుతుంటే పరిటాల జనం ఉండబట్టలేకపోయారు. పరిటాల రిపబ్లిక్ అని ప్రకటించుకుని తమను తాము పాలించుకున్నారు. పోలీసు చర్య తర్వాత పరిటాల కృష్ణా జిల్లాలో కలిసింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మునగాల నల్లగొండ జిల్లాకు వచ్చింది.

సైన్యం వచ్చిన రోజు ఉదయం ఎనిమిదిన్నరకల్లా మేజర్ జనరల్ రుద్ర దళం కోదాడ చేరింది. హైదరాబాద్ లాన్సర్ల సాయుధ కార్లు ఎదురు నిలిచాయి, పోరు గట్టిగానే నడిచింది. మధ్యాహ్నానికి మునగాల. మావాడి పని అయ్యేదాకా కోదాడలో తిరిగి, తర్వాత ఇంకొంచెం ముందుకు, సరిహద్దు దాకా పోయాం. 1948లో సైన్యం ఇటు దాటింది ఈ వైపు నుంచే. 1956 నవంబర్ 1న ఈ గీత చెరిపేశారు. 2014 జూన్ 2న మళ్లీ గీశారు. ఇప్పుడు అవతల గరికపాడు చెక్‌పోస్టు. కలవడం, విడిపోవడం రెండూ ఈసారి తుపాకి లేకుండా, పార్లమెంటులో ఓటుతో జరిగాయి. విడిపోయినందుకు ఏడ్చినవాళ్లున్నారు, పండగ చేసుకున్నవాళ్లున్నారు, నా వీధిలోనే ఇద్దరూ ఉన్నారు. మర్నాడు పొద్దున మాత్రం ఒకే పాలబండి దగ్గర నిలబడ్డారు.

చెక్‌పోస్టుకు ఇవతల చెట్టు కింద మొక్కజొన్న కంకులు కాలుస్తున్న ఆమె దగ్గర ఆగాం. అరవై దాటి ఉంటాయి. నిజాం కాలంలో ఇక్కడ కరోడ్‌గిరి నాకా ఉండేదట కదా అమ్మా అని అడిగాను. అటునుంచి ఇటు ఏ సరుకు తెచ్చినా సుంకం కట్టాల్సిన నాకాలవి. రూపాయి కూడా వేరు. ఆరు కల్దార్లకు, అంటే బ్రిటిష్ రూపాయలకు, నిజాం హాలీ రూపాయలు ఏడు.

"మా అత్త చెప్పేది అయ్యా" అన్నది, విసనకర్ర ఆపకుండా. "ఆమె పుట్టిల్లు జగ్గయ్యపేట పక్కన. పండక్కి పోయొస్తే మూటలన్నీ విప్పించేవోళ్లంట. ఒకసారి పసుపుకొమ్ములు గుంజుకుంటే ఆడనే కూసోని ఏడ్చిందంట. మిలిటరీ వచ్చినాక నాకా ఎత్తేసిన్రు. ఇప్పుడేమో మళ్లా ఇది వచ్చె."

ఇప్పుడు ఇబ్బందేమైనా ఉందా అని అడిగాడు మావాడు.

"మూటలు విప్పమనరులే నాయనా. మా పెద్దపిల్లను అవతలికే ఇచ్చినం. నా చేను ఇటు, అల్లుడు చేసేది అటు. పాసుబుక్కు ఈ సర్కారుది, వాళ్ల రేషన్ కార్డు ఆ సర్కారుది. పత్తి ఏ పక్క ధర ఎక్కువుంటే ఆ పక్క ఏసుకపోతం." కంకి మీద ఉప్పూకారం రుద్ది వాడి చేతిలో పెట్టింది. "ఇరవై ఇయ్యి."